చిల్లున్న చెవికి చుక్కల మందు: పర్లాకిమిడి టైలరు సమీక్ష

మందు మంచిది. తీర్పు కోసం మీరు చివరిదాకా ఎదురుచూడకూడదని ముందే చెప్పేస్తున్నాను. నేను చెప్పేది సిప్రోఫ్లాక్సాసిన్ 0.3 శాతం, డెక్సామెథసోన్ 0.1 శాతం కలిసిన చెవి చుక్కల గురించి. మొదటిది సూక్ష్మజీవుల పని పట్టే యాంటీబయాటిక్, రెండోది వాపును అణిచే స్టెరాయిడ్. ఈ జంటను రకరకాల పేర్లతో అమ్ముతారు. పెట్టె మీద పెద్ద అక్షరాల పేరును వదిలేసి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే ఈ రెండు మందుల పేర్లూ, పక్కనున్న శాతాలూ చూసుకుంటే చాలు.

అయితే ఈ మంచితనం అందరి చెవులకూ వర్తించదు. కర్ణభేరికి చిల్లు ఉండి, దానిలోంచి చీము కారేవాళ్ళకు ఇది చక్కగా పనిచేస్తుంది. కర్ణభేరి మూసుకునే ఉండి, దాని వెనుక మధ్య చెవి వాచినవాళ్ళకు మాత్రం పైపైన తడిపి ఊరుకుంటుంది. ఈ తేడా ఒక్కటి చెప్పడానికే ఇంత రాస్తున్నాను. మా ఊళ్ళో ఈ మందు కొనేవాళ్ళలో చాలామందికి తమ కర్ణభేరికి చిల్లు ఉందో లేదో తెలియదు. అమ్మేవాళ్ళు అడగరు.

నేను డాక్టరును కాను. పర్లాకిమిడి బజారులో బట్టలు కుడతాను. ఈ విషయం మీద నాకున్న అర్హతల్లా నా ఎడమ చెవి. చిన్నప్పుడు మహేంద్రతనయ ఏట్లో ఈతలు, వానలు మొదలైతే చాలు పడిశం, పడిశం వెనకే చెవిపోటు, ఆ తర్వాత చీము. కారడం, ఎండడం, మళ్ళీ కారడం. వెల్లుల్లి వేసి కాచిన నూనె, ఉల్లి రసం, పాతపట్నం నుంచి వచ్చే మా మేనత్త చెప్పిన ఏవేవో ఆకుల పసర్లు, ఇవన్నీ ఆ చెవి చవిచూసింది. పెద్దయ్యేసరికి చీముతో పాటు వినికిడి కూడా కారిపోయింది. మా దుకాణానికి వచ్చేవాళ్ళలో కొందరు కొలతలు తెలుగులో చెబుతారు, కొందరు ఒడియాలో చెబుతారు. ఎడమ పక్క నిలబడి చెబితే నాకు రెండూ ఒకటే గొణుగుడు. ముప్పై రెండు అన్నారో ముప్పై నాలుగు అన్నారో తెలియకపోతే జాకెట్టు పాడవుతుంది, మాట పడాల్సి వస్తుంది. అందుకని కటింగు బల్లను గోడవారకు జరిపి, వచ్చినవాళ్ళు కుడి పక్కనే నిలబడేలా చేసుకున్నాను.

మందుల దుకాణానికి వెళ్ళి "చెవి కారుతోంది, చుక్కలివ్వండి" అంటే ఒక సీసా చేతికొస్తుంది. ఏ సీసా అన్నది ఆ పూట అరలో ముందు వరసలో ఏది ఉందో దాన్ని బట్టి ఉంటుంది. వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాలని పెట్టె మీద అచ్చు వేసి ఉంటుంది. ఆ అచ్చును చదివేవారు బల్లకు అటు పక్కా లేరు, ఇటు పక్కా లేరు. అన్నీ ఒకే ఎత్తు సీసాలు, అన్నిటికీ తెల్ల మూతలు. లోపలున్నది మాత్రం ఒకటి కాదు.

వాటిలో ఒకటి గులిమిని కరిగించే మందు. దానిలో టర్పెంటైన్ నూనె లాంటివి ఉంటాయి. గులిమికి మంచిదే, చిల్లున్న చెవిలో పోయకూడదు. రెండోది జెంటామైసిన్ లేదా నియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను స్టెరాయిడ్‌తో కలిపినది. బయటి చెవి పుండుకు దీన్ని ఏళ్ళ తరబడి వాడుతున్నారు. ఆ జాతి యాంటీబయాటిక్‌లు చిల్లులోంచి దిగి లోపలి చెవికి చేరితే వినికిడినీ, ఒళ్ళు తూలకుండా పట్టే నిలకడనూ దెబ్బతీసే ప్రమాదం ఉంది. అందుకే చిల్లున్నవాళ్ళకు అలాంటివి వద్దని, క్వినొలోన్ జాతి చుక్కలు వాడాలని చెవి వైద్యులు చెబుతారు. సిప్రోఫ్లాక్సాసిన్ ఆ క్వినొలోన్ జాతిదే. మూడోది నాలుగు మందుల కలగూర: యాంటీబయాటిక్, బూజు మందు, స్టెరాయిడ్, వాటితో పాటు నొప్పి తెలియకుండా మొద్దుబార్చే లిగ్నొకెయిన్. చిల్లున్న చెవిలో ఈ లిగ్నొకెయిన్ లోపలికి దిగితే తల గిర్రున తిరగవచ్చు. మిషను మీద కూర్చునేవాడికి అది చాలదూ!

నాలుగోది మనం మాట్లాడుకుంటున్న సీసా. ఈ నాలుగూ ఒకే అరలో భుజాలు రాసుకుంటూ ఉంటాయి. "చెవి చుక్కలు" అన్న ఒక్క మాటకు వీటిలో ఏదైనా రావచ్చు. నా అసలు ఫిర్యాదు మందు మీద కాదు, ఈ పద్ధతి మీద.

నాకు ఈ మందు శ్రీకాకుళంలో ఒక ఈ.ఎన్.టి. డాక్టరు గారు రాసిచ్చారు. బస్సు పాతపట్నం మీదుగా వెళ్తుంది, సగం రోజు దానికే పోతుంది. అయినా వెళ్ళినందుకు ఒక లాభం ఉంది. చీము పీల్చేసి, సన్నని కెమెరా గొట్టం చెవిలో పెట్టి, నా కర్ణభేరిని నాకే తెర మీద చూపించారు. మొత్తం పొర వెడల్పు సుమారు ఒక సెంటీమీటరేనట. తెర మీద అంత పెద్దగా కనిపిస్తే నమ్మబుద్ధి కాలేదు. పొర చుట్టూ ఉంది, మధ్యలో కింది భాగాన చిల్లు, చిల్లు వెనుక తడిగా, ఎర్రగా ఉబ్బిన లోపలి గోడ.

"చూశారా మాస్టారూ, చిల్లు మధ్యలో ఉంది. అంచుకు తగల్లేదు, పై భాగంలో లేదు. మీ అదృష్టం. ఇది మందుకు లొంగే రకం" అన్నారాయన.

లొంగనిది ఇంకో రకం ఉందట. చిల్లు పై భాగాన గాని అంచున గాని ఉండి, చర్మం లోపలికి పెరిగి గడ్డ కట్టి, చుట్టూ ఎముకను తినేస్తూ పోయే రకం. కొలెస్టియటోమా అంటారు. చీము కొంచెమే వస్తుంది, కంపు మాత్రం భరించలేం. దానికి ఎన్ని సీసాలు పోసినా పైకి ఎండినట్టు కనిపిస్తుందే తప్ప లోపల పని జరిగిపోతూనే ఉంటుంది. ఆపరేషన్ తప్పదు. కంపు కొట్టే చెవి ఉన్నవాళ్ళు ఈ సమీక్ష చదవడం ఇక్కడే ఆపి డాక్టరు దగ్గరకు బయలుదేరడం మేలు. చెవి వెనుక వాపు, మూతి ఒక పక్కకు పోవడం, తల తిరుగుడు, జ్వరంతో తీవ్రమైన తలనొప్పి, వీటిలో ఏది ఉన్నా ఆ పూటే వెళ్ళాలి.

చీటీలో మాత్రలు లేవు, చుక్కలే ఉన్నాయి. నాకు అనుమానం వచ్చింది. ఇంత చీముకు మాత్ర లేకుండా ఎలాగని అడిగాను. బరంపురంలో నర్సింగు చదువుతున్న మా అమ్మాయి ఆ రాత్రి ఫోనులో లెక్క చెప్పింది. "నాన్నా, మాత్ర వేసుకుంటే 500 మిల్లీగ్రాములు ఒళ్ళంతా తిరిగి, చెవికి చేరేది కొసరు. చుక్కల్లో మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాములు ఉంటుంది. నాలుగు చుక్కలు కలిపినా ఒక మిల్లీగ్రాము కాదు. కాని అదంతా పుండు మీదే పడుతుంది." మాత్ర ద్వారా చెవిలోకి చేరే మందు కంటే చుక్క ద్వారా చేరేది ఎన్నో రెట్లు చిక్కనట. చీము చెవుల్లో తరచుగా కాపురం ఉండే సూడోమొనాస్ అనే మొండి సూక్ష్మజీవి మామూలు మాత్రలకు లొంగదు, ఈ చిక్కదనానికి లొంగుతుంది. పైగా కడుపు పాడవదు.

అమ్మాయి అంతటితో ఊరుకోక, నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక పరిశోధన గురించి కూడా చెప్పింది. 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. చెవిలో నీరు చేరకుండా కర్ణభేరికి డాక్టర్లు చిన్న గొట్టాలు అమర్చిన పిల్లలు 230 మంది. చెవి కారడం మొదలైనప్పుడు కొందరికి యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వేశారు. కొందరికి నోటి ద్వారా యాంటీబయాటిక్ ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వకుండా గమనించారు. రెండు వారాల తర్వాత చూస్తే, చుక్కలు వేసినవాళ్ళలో ఇంకా చెవి కారుతున్నది 5 శాతం మందికే. నోటి మందు తీసుకున్నవాళ్ళలో 44 శాతం, ఊరికే చూసినవాళ్ళలో 55 శాతం.

ఆ పిల్లలకు వేసిన చుక్కలు నా సీసాలోవి కావు. హైడ్రోకార్టిసోన్‌తో పాటు బాసిట్రాసిన్, కొలిస్టిన్ అనే వేరే యాంటీబయాటిక్‌లు. నాది డాక్టరు పెట్టిన చిల్లూ కాదు, ఏళ్ళ నాటి చీము చేసిన చిల్లు. కాబట్టి ఆ అంకెలు తెచ్చి నా చెవికి అతికించను. చిల్లు తెరుచుకుని ఉంటే పై నుంచి వేసే మందు నోటి మందును మించుతుందన్న సంగతి మాత్రం అక్కడ తేలింది, నా చెవిలోనూ అదే జరిగింది. సిప్రోఫ్లాక్సాసిన్, డెక్సామెథసోన్ జంటకు అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది. అదీ గొట్టాలున్న పిల్లలకు వచ్చే మధ్య చెవి జబ్బుకూ, బయటి చెవి జబ్బుకూ. అక్కడి మోతాదు నాలుగేసి చుక్కలు, రెండు పూటలా, ఏడు రోజులు. నా చీటీలో రాసినది నా చెవిని చూసి రాసినది, దాన్ని ఇక్కడ రాయను. మీ చీటీ మీకు ఉండాలి.

స్టెరాయిడ్ అనగానే భయపడేవాళ్ళు ఉన్నారు. మా ఆవిడ ఆ మాట వినగానే సీసాను దేవుడి గూటి పక్కన పెట్టింది, తాకడానికి జంకి. డాక్టరు గారి మాట ప్రకారం, లోపలి గోడ వాచి, పచ్చి కండ పెరిగి దారి మూసేస్తే చుక్క లోపలికి దిగదు. స్టెరాయిడ్ ఆ వాపును తీసేసి యాంటీబయాటిక్‌కు దారి ఇస్తుంది. నా అనుభవం కూడా అదే. మొదట తగ్గింది చీము కాదు, చెవి లోపలి బరువు. చెవిలో ఎవరో గుడ్డ కూరినట్టుండే ఆ దిమ్మ దిగాక, చీము పలచబడి, నీరై, చివరకు ఆగింది.

ఇక వేసే తీరు. ఇది సరిగ్గా లేకపోతే మందు ఎంత గొప్పదైనా దండగే. చీము నిండిన చెవిలో చుక్క వేస్తే అది చీము మీద తేలుతుంది. పొంగి బయటికి వచ్చేస్తుంది. ముందు చెవిని ఆరబెట్టాలి. పిల్లల వైద్యానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సూచనల్లో కూడా ఇదే ఉంది: శుభ్రమైన, నీరు పీల్చే మెత్తని గుడ్డతో వత్తి చేసి చెవిలో పెట్టాలి, తడిశాక తీసి కొత్తది పెట్టాలి, వత్తి పొడిగా వచ్చేదాకా అలా చేసి, ఆ తర్వాతే క్వినొలోన్ చుక్కలు వేయాలి. రోజుకు మూడు సార్లు, రెండు వారాలు.

గుడ్డ సంగతి నా వృత్తి కనుక ఇక్కడ రెండు మాటలు ఎక్కువ చెబుతాను. కొత్త గుడ్డ పనికిరాదు. నేతలో పట్టిన గంజి దానిలో ఉంటుంది, నీటిని పీల్చదు. పాలియెస్టర్ కలిసినదీ పనికిరాదు, తడిని పక్కకు నెట్టేస్తుంది. ఎన్నో ఉతుకులు పడ్డ నూలు పంచె అయితే శ్రేష్ఠం. వేడి నీళ్ళలో ఉడికించి, ఎండలో ఆరేసి, వేడి ఇస్త్రీ పెట్టి, మూతున్న డబ్బాలో ఉంచుకోవాలి. ముక్కను నిలువుగానో అడ్డంగానో కోస్తే అంచు దారాలు ఊడతాయి, ఆ పోగు చెవిలో ఉండిపోతే అదో కొత్త తద్దినం. జాకెట్టు పట్టీలకు కోసినట్టు క్రాసుగా కోయాలి. క్రాసు అంచు పోగు విడవదు. వేలి పొడవు పట్టీని ఒక కొస సన్నగా వచ్చేలా మెలిపెట్టి, చెవి పై భాగాన్ని వెనక్కీ పైకీ లాగి, సన్నని కొసను మెల్లగా ఆనించాలి. నెట్టకూడదు. తడి దానంతటదే ఎక్కుతుంది. అగ్గిపుల్లకు దూది చుట్టి తిప్పడం, పిన్నీసు, కోడి ఈక, వీటి జోలికి పోవద్దు. అగ్గిపుల్ల కొన మీది దూది ఊడి లోపల ఉండిపోయిన కథలు మా బజారులో ప్రతి ఇంటా ఒకటి ఉన్నాయి.

చెవి ఆరాక సీసాను గుప్పిట్లో పట్టుకుని ఒకటి రెండు నిమిషాలు వెచ్చబరచాలి. చల్లని చుక్క పడితే కళ్ళు తిరుగుతాయి. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు, మొదటి చలికాలపు ఉదయమే మంచం పట్టె పట్టుకునేలా చేసింది. పొయ్యి మీద పెట్టడం, వేడి నీళ్ళ గిన్నెలో ముంచడం వద్దు, గుప్పిటి వేడి చాలు. జబ్బు చెవి పైకి వచ్చేలా పక్కకు తిరిగి పడుకుని, చెప్పిన లెక్కకు చుక్కలు వేసి, చెవి రంధ్రానికి ముందు ఉండే చిన్న ముక్కును, అంటే బుగ్గ వైపు లేచి ఉండే మెత్తని ఎముకను, వేలితో లోపలికి ఐదు సార్లు నొక్కి వదలాలి. మందును చిల్లులోంచి లోపలికి తోసేది ఆ నొక్కుడే. నిమిషమైనా అలాగే పడుకోవాలి. మా ఆవిడకు ఆ నిమిషంలోనే నన్ను అడగాల్సిన ఇంటి ఖర్చులన్నీ గుర్తొస్తాయి. వినబడే కుడి చెవి దిండుకు ఆని మూసుకుని ఉంటుంది కనుక నాకు ఇబ్బంది లేదు.

అప్పుడు గొంతులోకి చేదు దిగుతుంది. మొదటిసారి కంగారు పడతారు, అక్కర్లేదు. మధ్య చెవి నుంచి ముక్కు వెనక్కు ఒక సన్నని నాళం ఉంది. మందు చిల్లు దాటి, మధ్య చెవి దాటి, ఆ నాళంలోంచి గొంతుకు వచ్చిందన్నమాట. నాకు మొదటి రోజుల్లో చేదు తగల్లేదు. వాపు దిగాక ఒక సాయంత్రం చుక్క వేసుకున్న కాసేపటికే నాలుక వెనక చేదు తెలిసింది. ఇంట్లో నేనొక్కణ్ణే సంతోషించాను. ఎందుకో వాళ్ళకు అర్థం కాలేదు.

ఇక లోపాలు. సీసా ముక్కు మొండిగా ఉంది, గట్టిగా నొక్కితే చుక్క బదులు ధార వస్తుంది. ఎవరికి వారు వేసుకుంటే నాలుగో ఆరో లెక్క తెలియదు. ఇంకొకరు వేయాల్సిందే. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు ఇది కష్టం. సీసా కొస చెవికి తగలకూడదు, తగిలితే చీములోని సూక్ష్మజీవులు సీసాలోకి ఎక్కుతాయి. ఈ మాట కరపత్రంలో ఉంది, కాని ఆ కరపత్రం ఇంగ్లీషులో, ఆవగింజంత అక్షరాల్లో ఉంది. పర్లాకిమిడిలో తెలుగువాళ్ళం, ఒడియావాళ్ళం, కొండల మీది నుంచి సంతకు దిగే సవరలు, ఇంతమందిమి కొంటున్నాం. ఒక్కరి భాషలోనూ ఒక్క వాక్యం లేదు. బొమ్మలు నాలుగు వేసినా సరిపోయేది. చుక్క వేసేటప్పుడు చిన్న మంట కూడా ఉంటుంది, అది కాసేపే.

సీసా తెరిచిన తేదీని మూత మీద రాసుకోండి. నెల దాటితే పారేయాలి, పెట్టె మీది గడువు ఎంత ఉన్నా సరే. మా వీధిలో సగం వాడిన సీసాలు దీపం గూట్లో, గడియారం వెనక ఏడాదుల తరబడి నిలవుంటాయి. పైగా ఈ మందు కంటికి కూడా పనికొస్తుందని పెట్టె మీద ఉండడంతో, కళ్ళకలక రాగానే ఎవరో ఒకరు చెవికి వాడిన సీసా తీసి కంట్లో వేస్తారు. చెవి చీము తగిలిన సీసా కంటికి ఎక్కడం ఒక ప్రమాదం. డాక్టరు చూడకుండా స్టెరాయిడ్ కంట్లో పోయడం ఇంకో ప్రమాదం. కంటి లోపలి ఒత్తిడి పెరగవచ్చు, కొన్ని వైరస్ జబ్బులైతే ముదరవచ్చు. కంటికీ చెవికీ కలిపి ఒకే పెట్టె అమ్మడం కంపెనీలకు సౌకర్యమేమో గాని మనకు కాదు.

తగ్గింది కదా అని మధ్యలో ఆపకూడదు, తగ్గలేదని నెలల తరబడి పోయనూ కూడదు. ఎక్కువ కాలం వాడితే సూక్ష్మజీవులు చచ్చి, వాటి చోట బూజు పట్టవచ్చు. చెవి లోపల తెల్లని పొర, దాని మీద నల్లని చుక్కలు, ఆగని దురద. వానాకాలంలో మరీ ఎక్కువ. అప్పుడు ఇదే మందు దానికి ఎరువు అవుతుంది. వాడిన గడువులో తగ్గకపోతే ఇంకో సీసా కొనడం కాదు, చెవిని మళ్ళీ చూపించుకోవడం.

మొన్న మా దుకాణానికి పావడాలు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడ చంకలో బిడ్డ ఏడుస్తోంది. పడిశం చేసిందట, రాత్రంతా చెవి పట్టుకుని ఏడ్చిందట, ఒళ్ళు వేడిగా ఉంది. చెవి కారడం లేదు. చేతి సంచిలో ఈ సీసాయే ఉంది, బజారులో ఒక దుకాణంలో ఇచ్చారట, చీటీ లేకుండానే. అది కర్ణభేరి మూసుకుని, వెనక చీము పట్టి పొంగుతున్న చెవి కావచ్చు. పిల్లలకు మధ్య చెవి నుంచి ముక్కు వెనక్కు వెళ్ళే ఆ నాళం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది కనుక ముక్కులోని జబ్బు తేలికగా చెవికి ఎక్కుతుంది. మూసుకున్న పొరను దాటి చుక్క వెళ్ళదు. అలాంటప్పుడు నొప్పికి, జ్వరానికి మందు ఇవ్వాలి, యాంటీబయాటిక్ కావాలంటే నోటి ద్వారా ఇవ్వాలి, కావాలో వద్దో చూసినవాళ్ళు చెప్పాలి. "అమ్మా, నేను చెప్పేది కాదు గాని, ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి చెవిలో చూడమనండి. పావడాలు రేపైనా అవుతాయి" అన్నాను. వెళ్ళింది. నోటి మందే రాశారట. సీసా వెనక్కు ఇవ్వబోతే దుకాణంవాళ్ళు తీసుకోలేదట, ఆ సంగతి మాత్రం ఆవిడ నాతో రెండు సార్లు చెప్పింది.

ధర విషయంలో ఫిర్యాదు లేదు. చెవి చుక్కల అరలో చౌకైన వాటిలో ఇదొకటి. నాకు ఖర్చయింది శ్రీకాకుళం బస్సుకూ, డాక్టరు ఫీజుకూ. ఆ ఫీజు దండగని మా బామ్మర్ది ఇప్పటికీ అంటాడు, "సీసా ఇక్కడే దొరుకుతుంది కదా బావా" అని. సీసా దొరుకుతుంది. చిల్లు ఎక్కడుందో చెప్పేవాడు దుకాణంలో దొరకడు.

మందు వినికిడిని తెచ్చిపెట్టదు, ఇది కూడా తెలిసి కొనండి. చీము ఆగింది, దిమ్మ పోయింది, కొంచెం మెరుగ్గా వినబడుతోంది. చిల్లు అలాగే ఉంది. స్నానానికి ముందు దూదికి వాజలైను రాసి చెవికి అడ్డం పెట్టుకోవాలి, ఏట్లో మునగకూడదు. మళ్ళీ పడిశం పడితే మళ్ళీ కారవచ్చు. చెవి కొంతకాలం పొడిగా నిలిస్తే చిల్లు మూసే ఆపరేషన్ చేస్తామన్నారు. చెవి పైన కణత కండరాన్ని కప్పి ఉండే పలచని పొరలోంచి ఒక ముక్క కోసి, చిల్లు కంటే పెద్దదిగా కత్తిరించి, కర్ణభేరికి లోపలి వైపు నుంచి పెడతారట. అది విని నాకు డాక్టరు గారి మీద గౌరవం పెరిగింది. చిరుగుకు మేమూ అతుకు లోపలి నుంచే వేస్తాం, చిరుగు కంటే పెద్దదే కోస్తాం. కుట్టు ఏ దారంతో వేస్తారని అడిగాను. కుట్టే వేయరట. పొర దానంతటదే అతుక్కుంటుందట. ఆయన చెప్పినవన్నీ నమ్మాను గాని, ఈ ఒక్క మాట దగ్గర నాకింకా మనసు కుదరడం లేదు.